తెలుగు పుస్తకాల వెతుకులాట: డిటెక్టివ్ నవలలు, జానపద కథలు, ఆత్మకథలు, రచనాశిల్పం – తరచుగా అడిగే ప్రశ్నలు

ఎప్పుడూ ఒకే రకం పుస్తకాలు చదువుతున్నాను. ఇంకో రకంలోకి ఎలా వెళ్ళాలి?

ఇష్టంగా చదివిన పుస్తకంలో మిమ్మల్ని పట్టి లాగింది ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. తర్వాతి పుస్తకానికి దారి అందులోంచే దొరుకుతుంది.

డిటెక్టివ్ నవల అందరికీ ఒకే కారణంతో నచ్చదు. చిక్కుముడి విప్పడం ఇష్టమైతే బేతాళ కథలూ మర్యాద రామన్న తీర్పులూ మీకు సరిపోతాయి. బేతాళుడి ప్రశ్న దగ్గర పుస్తకం మూసి మీ జవాబు చెప్పుకుని, ఆ తర్వాత విక్రమార్కుడి జవాబు చదవండి. ఊళ్ళూ, వీధులూ, మనుషుల గుట్టుమట్లూ ఇష్టమైతే ఆత్మకథల వైపు రండి. తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం కావాలంటే చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన జానపద సీరియళ్ళున్నాయి.

ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆయన 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. దారిలో ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, దిగడానికి వసతి ఉందా, బాట ఎలా ఉంది అన్నవి మజిలీ మజిలీకీ రాసుకుంటూ వెళ్ళాడు. యాత్రా రచన అంటే గుళ్ళ వర్ణన అనుకునేవాళ్ళు ముందు దీన్ని చదవాలి.

కొత్త రకంలో మొదటి పుస్తకం 150 పేజీలు దాటకుండా చూసుకోండి. పన్నెండు సంపుటాల కాశీమజిలీ కథలతో జానపదం మొదలుపెట్టినవాళ్ళు చాలామంది రెండో సంపుటంలోనే ఆగిపోతారు. తప్పు పుస్తకానిదీ కాదు, పాఠకుడిదీ కాదు, మొదలుపెట్టిన చోటుది.

పాత డిటెక్టివ్ నవలలు ఎక్కడ దొరుకుతాయి?

కొత్త పుస్తకాల షాపులో అడిగితే యండమూరి, మల్లాది పేర్లతో సస్పెన్స్ నవలలు వెంటనే చూపిస్తారు. అంతకుముందు తరానివి, అంటే డిటెక్టివ్ యుగంధర్ పాత్రతో కొమ్మూరి సాంబశివరావు రాసిన నవలలు, టెంపోరావు, విశ్వప్రసాద్ లాంటివాళ్ళవి వెతకాలంటే పాత పుస్తకాల దగ్గరికే వెళ్ళాలి. విజయవాడలో లెనిన్ సెంటర్, హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు, కోఠి అందుకు తెలిసిన చోట్లు. ఆబిడ్స్‌కి ఉదయం పదిన్నర, పదకొండు మధ్య వెళ్తే కట్టలు విప్పుతుంటారు, ఎండ కూడా తక్కువ.

అడిగే తీరు ముఖ్యం. నవల పేరు చెబితే ‘లేదు’ అన్న మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ‘యుగంధర్ నవలలు ఉన్నాయా’, ‘పాత పాకెట్ బుక్స్ కట్ట ఏదైనా ఉందా’ అని అడగండి. అమ్మేవాళ్ళకు కట్టలు గుర్తుంటాయి, పేర్లు గుర్తుండవు. ఒకే నవల మళ్ళీ అచ్చయినప్పుడు అట్టబొమ్మ మారిపోతుంది, కొన్నిసార్లు పేరూ మారుతుంది. కొనేముందు మొదటి పేరా చదివితే ఇంట్లో ఉన్నదే మళ్ళీ కొనకుండా ఉంటారు.

ఈ నవలల్లో చాలా వాటి మీద అద్దె పుస్తకాల షాపుల ముద్రలు ఉంటాయి. అలాంటి ప్రతి వందలాది చేతులు మారి ఉంటుంది. అందుకే తర్వాతి ప్రశ్న.

పాత పుస్తకం కొనేముందు ఏం చూడాలి?

ముందు చివరి పేజీ చూడండి. డిటెక్టివ్ నవలల్లో మొదట ఊడిపోయేది అదే, హంతకుడు ఎవరో ఉండేదీ అక్కడే. కథ తెలిసిపోతుందనుకుంటే చదవకుండా ‘సమాప్తం’ అన్న మాట ఉందో లేదో మాత్రం చూడండి. వెనక అట్టకు ముందు ఇతర పుస్తకాల ప్రకటనల పేజీ ఉంటే అదీ మంచి గుర్తే.

తర్వాత ఫారాలు, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచిన పేజీల కట్టలు, చూడాలి. తెలుగు పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా అచ్చవుతాయి. బైండింగులో పొరపాటు జరిగితే ఒక్క పేజీ కాదు, ఫారం మొత్తం జారిపోతుంది, లేదా ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది. కాబట్టి ప్రతి పేజీ తిప్పక్కర్లేదు, 17, 33, 49, 65, 81, ఇలా పదహారేసి కలుపుకుంటూ ఆ పేజీలు వరుసగా ఉన్నాయో లేదో చూస్తే చాలు. 200 పేజీల నవలకు ఒక నిమిషం పడుతుంది. ముందుమాటకు వేరే అంకెలు వేసి ఉంటే ఈ లెక్క కొంచెం జరుగుతుంది, అయినా తేడా పదహారే. కొత్త పుస్తకంలోనూ ఈ లోపం వస్తుంది. బిల్లు ఉంటే ప్రచురణకర్తలు సాధారణంగా మార్చి ఇస్తారు, కాబట్టి కొన్న వారంలోపే చూసుకోవడం మేలు.

మూడోది కాగితం. పేజీ మూలను కొంచెం మడవండి. విరిగిపోతే ఆ పుస్తకం ఒకట్రెండు చదువులకు మించి బతకదు. ఎక్కడా దొరకని పుస్తకమైతే అప్పుడు కూడా కొనండి, కాని ముందు ఫోన్‌తో పేజీలన్నీ ఫొటోలు తీసుకుని ఆ తర్వాత చదవండి.

లైబ్రరీలో డిటెక్టివ్ నవలల బీరువా ఎందుకు కనిపించదు?

పుస్తకాలను విషయాల వారీగా అంకెలు వేసి సర్దే డ్యూయీ దశాంశ పద్ధతి వాడే లైబ్రరీల్లో తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికి వస్తుంది, నవలా కథా 894.8273. డిటెక్టివ్ నవల, సాంఘిక నవల, చారిత్రక నవల అన్నీ ఒకే అంకె కింద రచయిత పేరు వరుసలో ఉంటాయి. రకాన్ని బట్టి వెతికితే దొరకదు. ఇంటి దగ్గరే రచయితల పేర్లు రాసుకుని వెళ్ళాలి.

మిగతావి వేరే చోట్ల ఉంటాయి. జానపద కథలు 398.2. జీవిత చరిత్రలు, ఆత్మకథలు 920 చుట్టుపక్కల. భారతదేశ యాత్రలు 915.4. రచన ఎలా చేయాలో చెప్పేవి 808. సృజనాత్మకతను మనస్తత్వశాస్త్రం వైపు నుంచి చూసేవి 153.35. ఈ ఐదు అంకెలు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. చిన్న శాఖా గ్రంథాలయాల్లో అంకెలు వేయకుండా రకాల వారీగా సర్దిన చోట్లూ ఉన్నాయి. అక్కడ యాక్సెషన్ రిజిస్టరు చూపించమని మర్యాదగా అడగండి. కొన్న ప్రతి పుస్తకం అందులో వరుసగా రాసి ఉంటుంది, బీరువాలో కనిపించనివి కూడా అందులో కనిపిస్తాయి.

ఇంకో మాట. మన ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. మీ ఊరి లైబ్రరీకి మీరు ఇప్పటికే డబ్బు కడుతున్నారు. కావలసిన పుస్తకాల పేర్లు సూచనల పుస్తకంలో రాయడం మీ హక్కు. రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం మూడూ రాస్తే కొనేవాళ్ళకు పని తేలికవుతుంది.

చూసి తీరవలసిన గ్రంథాలయాలు?

వేటపాలెం సారస్వత నికేతనం (1918), హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం (1901), రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం. పాత పత్రికల ఫైళ్ళ కోసమే వెళ్ళినా వీటికి వెళ్ళవచ్చు.

కథల విషయానికి వస్తే శ్రీకాకుళంలోని కథానిలయం. కాళీపట్నం రామారావు 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. పుస్తకంగా రాని కథ కూడా ఏ పత్రికలో ఏ సంచికలో వచ్చిందో వాళ్ళ వెబ్‌సైటులో రచయిత పేరుతో వెతకవచ్చు. ఒక రచయిత నచ్చి పుస్తకాలన్నీ అయిపోతే తర్వాత చూడవలసింది ఇదే.

జానపద కథల పుస్తకాల్లో అసలైనవి ఏవి?

మూడు రకాలున్నాయి, వాటిని కలిపేయకూడదు.

ఒకటి, ఊళ్ళో చెప్పినవాళ్ళ నోటి నుంచి సేకరించినవి. వీటిలో చెప్పిన మనిషి పేరు, ఊరు, మాండలికం కనిపిస్తాయి. కథ ఒక్కోచోట తెగిపోతుంది, చెప్పిందే మళ్ళీ వస్తుంది. అవి లోపాలు కావు. రెండోది, పత్రికల కోసం, పిల్లల కోసం తిరగరాసినవి. చందమామ (1947 జులైలో మొదలైంది) కథలు ఎక్కువగా ఇవే. సంస్కృతంలో బేతాళ కథలు ఇరవై అయిదే అయినా చందమామ ఆ చట్రంలో వందల కథలు నడిపింది. మూడోది, జానపద పద్ధతిలో ఒక రచయిత అల్లినవి. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు ఈ కోవలోవి. కాశీకి నడిచి వెళ్ళే యతి, వెంట వచ్చిన పశువుల కాపరికి మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పడం దాని చట్రం.

మూడూ చదవదగ్గవే. కాని ‘మా ప్రాంతంలో అమ్మమ్మలు చెప్పిన కథ’ కావాలని వచ్చినవాళ్ళకు మూడో రకం ఇస్తే నిరాశ తప్పదు. పుస్తకం చేతిలోకి తీసుకోగానే ముందుమాటలో సేకరణ ఎలా జరిగిందో రాశారా లేదా చూడండి. ఒక్క ముక్క కూడా లేకపోతే అది రెండో రకమో మూడో రకమో అయివుంటుంది.

కథలతో పోలిస్తే పాటల సేకరణ మనకు బాగా జరిగింది. నేదునూరి గంగాధరం ఊరూరా తిరిగి కూర్చిన పాటలు, స్త్రీల పాటల సంకలనాలు, బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వెతకండి. రామరాజు గ్రంథం పరిశోధన కాబట్టి మొదటి పేజీ నుంచి చదవక్కర్లేదు. విషయసూచికలో మీ ఇంట్లో విన్న పాట రకం, లాలిపాటో, దంపుళ్ళ పాటో, చూసుకుని అక్కడ మొదలుపెట్టండి. విన్న పాట అచ్చులో కనిపించాక మిగతా పుస్తకం దానంతట అదే తెరుచుకుంటుంది.

పిల్లలకు ఏవి ఇవ్వాలి?

‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ తెచ్చే తెలుగు పుస్తకాలు చవక, బొమ్మలు బాగుంటాయి. స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితం. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకైతే పేజీకి రెండు మూడు వాక్యాలున్నవి ఎంచుకోండి. మీరు గట్టిగా చదివి వినిపిస్తే ఒక మెట్టు పైవీ అర్థమవుతాయి.

ఆత్మకథల్లో ఏది ముందు చదవాలి?

జంటగా చదవమని మా సలహా. ఒకే కాలాన్నో ఒకే ఊరినో ఇద్దరు చెప్పినప్పుడే ఆత్మకథ రుచి తెలుస్తుంది. ఎవరు ఏది దాచారో, ఎవరికి ఏది గొప్పగా తోచిందో పక్కపక్కన కనిపిస్తుంది.

కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రా చిలకమర్తి లక్ష్మీనరసింహం స్వీయచరిత్రా అలాంటి జంట. ఇద్దరిదీ రాజమహేంద్రవరమే. వీరేశలింగం తన ఉద్యమాన్ని లోపలి నుంచి చెబితే, చిలకమర్తి దాన్ని దగ్గర నుంచి చూసినవాడిగా చెబుతాడు. ముందు చిలకమర్తిది చదవండి, తేలిగ్గా సాగుతుంది.

తెలంగాణ కోసం దాశరథి ‘యాత్రాస్మృతి’, కాళోజీ ‘ఇదీ నా గొడవ’. నిజాం పాలన రోజులు రెండిటిలోనూ ఉన్నాయి, గొంతులు మాత్రం పూర్తిగా వేరు.

మల్లు స్వరాజ్యం విషయంలో ఒకే మనిషిని తనతోనే జత చేయవచ్చు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలతో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986)లో ఆమె చెప్పింది చదివి, ఆ తర్వాత మూడు దశాబ్దాలు దాటాక వచ్చిన ఆమె ఆత్మకథ ‘నా మాటే తుపాకీ తూటా’ చదవండి. ఏ సంఘటన రెండుచోట్లా ఉంది, ఏది పెరిగింది, ఏది తగ్గింది అని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠం ఇంతకన్నా మంచిది తెలుగులో అరుదు.

విడిగా చదవాలంటే శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ ఆ మాటల నడక కోసం, కొండపల్లి కోటేశ్వరమ్మ ‘నిర్జన వారధి’ ఆ గుండె నిబ్బరం కోసం, తిరుమల రామచంద్ర ‘హంపీ నుంచి హరప్పా దాక’ చదువు కోసం తిరిగిన తిరుగుడు కోసం.

ఆత్మకథల్లో పేర్లూ తేదీలూ కలగాపులగమై చదవడం ఆపేస్తున్నాను.

ఒక పోస్టుకార్డు సైజు అట్టముక్క పేజీల మధ్య పెట్టుకోండి. ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు ఊళ్ళు, వెనకవైపు మనుషుల పేర్లూ వరసలూ. రచయిత పుట్టిన ఏడు పైన రాసుకుంటే ఏ సంఘటనకు ఎన్నేళ్ళో వెంటనే లెక్క తేలుతుంది. వంశవృక్షంతో మొదలయ్యే పాత ఆత్మకథల్లో మొదటి అధ్యాయం వదిలేసి బడి రోజుల దగ్గర మొదలుపెట్టవచ్చు, తర్వాత వెనక్కి రావచ్చు. సంక్షిప్త ముద్రణ కాదు కదా అని మాత్రం ముందే చూసుకోండి. అట్ట మీద చెప్పకపోయినా లోపలి పేజీలో రాసి ఉంటుంది.

గ్రాంథికం కొరుకుడు పడటం లేదు.

ఇరవై పేజీలు ఓపిక పట్టండి, అడ్డు పడేవి నాలుగైదే.

అరసున్న (ఁ) కనిపిస్తే లేదనుకుని చదవండి: వాఁడు అంటే వాడే. బండి ఱ మామూలు ర లాగే పలుకుతుంది. ‘చేయుచున్నాఁడు’ అంటే చేస్తున్నాడు. ‘వచ్చెను, పోయెను’ లాంటివి రెండు పేజీల్లో అలవాటవుతాయి. కంగారు పెట్టేది వలపలగిలక. పాత అచ్చులో ‘ధర్మము’ అన్న మాట ‘ధమ౯ము’ అని కనిపిస్తుంది. ఆ తొమ్మిది అంకె లాంటి గుర్తు తన ముందున్న అక్షరానికి ముందు ర్ పలకాలని చెబుతుంది. ఇది తెలియక చాలామంది అచ్చుతప్పు అనుకుంటారు.

మాటల అర్థాలకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటువుల వెతుకులాట ఉంది. బ్రౌన్, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం అన్నీ ఒకేసారి చూపిస్తుంది. మాట చివర ‘ను, లు’ లాంటివి తీసేసి వెతకండి, ‘ధర్మము’ లాంటి మాటల్లోని ‘ము’ మాత్రం ఉంచండి. ప్రతి మాటకూ ఆగకండి, పేజీకి రెండే వెతకండి.

ఇంటర్నెట్‌లో పాత పుస్తకాలు ఉన్నాయంటారు, నాకు దొరకవేం?

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలున్నాయి. వాటి పేర్లు రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్ళు ఎక్కించారు. దీర్ఘాక్షరానికి అచ్చు రెండుసార్లు వేసినవి కొన్ని, ఒకసారి వేసినవి కొన్ని. ‘కాశీ’లో శ అక్షరాన్నే రెండు మూడు రకాలుగా రాశారు. మాటల మధ్య ఖాళీ లేకుండా కలిపేసినవీ ఉన్నాయి. అందుకని పేరు మొత్తం కొట్టకుండా మధ్యలో మారడానికి వీల్లేని ముక్క ఒకటి, రచయిత ఇంటిపేరు ఒకటి వేసి వెతకండి, భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. మూడు నాలుగు వర్ణక్రమాలు ప్రయత్నించాకే లేదనుకోండి.

దొరికాక ఫైలు దించుకునే ముందు మొదటి, మధ్య, చివరి పేజీలు చూడండి. స్కానింగులో రెండేసి పేజీలు ఎగిరిపోవడం, పేరొకటి పుస్తకమొకటి కావడం మామూలే. తెలుగు వికీసోర్సులో తక్కువ పుస్తకాలున్నా అవి మనుషులు సరిదిద్దినవి, ఫోన్‌లో హాయిగా చదవవచ్చు.

వాటిని దించుకోవడం చట్టబద్ధమేనా?

మన దేశంలో రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు కాపీరైటు ఉంటుంది. శ్రీపాద 1961లో పోయారు, కాబట్టి ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు 2022 జనవరి 1 నుంచి అందరివీ. అనువాదానికి అనువాదకుడి హక్కు వేరుగా లెక్కించాలి. బతికున్న రచయితల, ఈమధ్యనే పోయినవారి పుస్తకాలు ఎక్కడో స్కాన్‌గా దొరికినంత మాత్రాన ఉచితం కావు. తెలుగులో వెయ్యి కాపీలు అమ్ముడుపోవడానికే ఏళ్ళు పట్టే పరిస్థితిలో ఒక్కొక్క కొనుగోలూ రచయితకు లెక్కే.

అనువాదాలు ఎలా ఎంచుకోవాలి?

అనువాదకుల పేరు అట్ట మీదో లోపలి పేజీలోనో లేకపోతే వదిలేయండి. ఏ భాష నుంచి చేశారో చూడండి, మూలం నుంచా, ఇంగ్లీషు మీదుగానా. తర్వాత సంభాషణలున్న ఒక పేజీ గట్టిగా చదవండి. ఎవరూ అలా మాట్లాడరు అనిపిస్తే ఆ పుస్తకం మొత్తం అలాగే ఉంటుంది.

మాస్కోలో ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చేసిన తెలుగు పుస్తకాలు ఇప్పటికీ పాత పుస్తకాల దుకాణాల్లో దొరుకుతాయి. రష్యన్ జానపద కథలు, పిల్లల పుస్తకాలు, పెద్ద నవలలు అందులో ఉన్నాయి. గట్టి అట్ట, కుట్టిన బైండింగు. కనిపిస్తే తీసుకోండి.

రాయాలని, సృజనాత్మకంగా ఆలోచించాలని ఉంది. తెలుగులో ఏం చదవాలి?

వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’తో మొదలుపెట్టండి. 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దీనికే వచ్చింది. ఆయనదే ‘నవలాశిల్పం’ తర్వాత. చూసే కన్ను పెరగాలంటే సంజీవదేవ్ ‘తెగిన జ్ఞాపకాలు’.

శిల్పం పుస్తకాన్ని నవలలా ఒక్క ఊపున చదివితే ఏమీ మిగలదు. ఒక అధ్యాయం చదివి, అదే వారం నాలుగు కథలు చదవండి. కథాసాహితి 1990 నుంచి తెస్తున్న ‘కథ’ వార్షిక సంకలనాలు ఇందుకు అనువు, ఒక్కో దాంట్లో వేరువేరు ప్రాంతాల రచయితలుంటారు. ప్రతి కథకూ మూడు ప్రశ్నలు రాసుకోండి: ఎవరి కంటి నుంచి చెప్పారు, కథ ఎక్కడ మొదలైంది, ఏది చెప్పకుండా వదిలారు. నెలకు పదహారు కథలవుతాయి. అప్పుడు మీ కథ ఒకటి మూడు పేజీల్లో రాసి, మొదటి పేరా కొట్టేసి చూడండి. ఎక్కువసార్లు కథ రెండో పేరాలోనే మొదలవుతుంది.

విదేశాల్లో ఉన్నాం. తెలుగు పుస్తకాలు ఎలా తెప్పించుకోవాలి?

కొన్ని దుకాణాలు విదేశాలకూ పంపుతాయి, కాని తపాలా ఖర్చు పుస్తకం ధరను మించుతుంది, కాబట్టి నలుగురు కలిసి ఒకే పార్సిల్‌గా తెప్పించుకోండి. ఊరొచ్చే వీలుంటే డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకో, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికో కలిసేలా చూసుకోండి. కొన్నవాటిని హ్యాండ్ బ్యాగేజీలో సర్దుకోండి, డెమ్మీ సైజు 200 పేజీల పుస్తకం పావుకిలో పైచిలుకు ఉంటుంది. చదవడానికి తీరిక లేనివాళ్ళకు దాసుభాషితంలో శ్రవణ పుస్తకాలు, కిరణ్ ప్రభ టాక్ షోలు ఉన్నాయి.

నచ్చకపోతే ఎన్ని పేజీల దగ్గర ఆపేయాలి?

నవలకు 50. సంకలనానికి మూడు కథలు, అవీ వరుసగా కాదు, మొదటిది, మధ్యలోది, చివరిది. ఆత్మకథకు రచయిత ఇల్లు వదిలి బయటికి వచ్చేదాకా.

పాత పుస్తకాలు తెచ్చాక ఇంట్లోవాటికి పురుగు పట్టింది. ఏం చేయాలి?

తెచ్చినవి నేరుగా బీరువాలో పెట్టకండి. మెత్తని పెయింటు బ్రష్‌తో వీపు దగ్గర, అట్టల లోపల దులపండి. నీడలో, గాలి ఆడేచోట ఒక రోజు నిలబెట్టండి. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది. సన్నటి కన్నాలు, పిండిలాంటి పొడి కనిపిస్తే పుస్తకాన్ని రెండు ప్లాస్టిక్ కవర్లలో గాలి లేకుండా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజు ఆగాలి. వెంటనే విప్పితే పుస్తకానికి చెమ్మ పడుతుంది. చిరిగిన పేజీలకు సెల్లోటేపు అంటించకండి, ఐదారేళ్ళలో పసుపుపచ్చ మరక మిగిల్చి ఊడిపోతుంది. పలచటి టిష్యూ కాగితం, మైదా జిగురు చాలు. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపడం పాత బైండర్ల అలవాటు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. జిగురు పలచగా రాసి, పైన బరువు పెట్టి రాత్రంతా ఆరనివ్వండి.